శెనక్కాయ కావలికి థర్మల్: చేతిలో పట్టుకునేదా, తలకు తగిలించుకునేదా?

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్క పల్లె. గుట్టను ఆనుకుని చేను. శెనక్కాయ, మధ్యలో కంది సాళ్లు, ఒక మూల కొంచెం మొక్కజొన్న. ఊడలు దిగి కాయ గట్టిపడే టైం నుంచి చెట్టు పీకేదాకా మాకు రాత్రి నిద్ర ఉండదు. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగినా సాళ్లకు సాళ్లే తిరగేసి పోతుంది, అవి తిన్నది కొంత, తొక్కి పాడుచేసింది అంతకు రెండింతలు. చుట్టూ పాత చీరలు కట్టాం, టపాకాయలు పేల్చాం, మైకులో కుక్కల అరుపులు పెట్టాం. ఏది పెట్టినా నాలుగు రోజులకు అలవాటు పడతాయి. కరెంటు తీగ లాగమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, అది నేరం, పైగా దాంతో పందులకంటే ముందు పక్క చేని మనిషో మన ఎద్దో పోతుంది, కాబట్టి ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. సోలార్ కంచె వేయిద్దామంటే గుట్ట వైపు హద్దంతా గుండ్లే, గుంజ దిగదు.

అందుకే థర్మల్, అంటే చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువును చూపించే పరికరం, కొందామని దిగాను. దిగాక తెలిసింది, ఈ పరికరాల గురించి దొరికే సమాచారం దాదాపు అంతా వేటగాళ్లు రాసిందేనని. అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో, ఊరపంది జాతి అడవిపాలై పెరిగిపోయి పంటలకు పెద్ద బెడద అయింది, అక్కడ భూమి యజమాని ఒప్పుకుంటే రాత్రిపూట కాల్చొచ్చు, 2019 నుంచి దానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. కాబట్టి వాళ్ల చర్చ అంతా తుపాకీ చుట్టూ తిరుగుతుంది. తుపాకీ మీద గురిచూడటానికి ఒక థర్మల్ స్కోపు ఉంటుంది, వెతకడానికి విడిగా ఇంకొకటి కావాలి, ఎందుకంటే స్కోపుతోనే వెతికితే ఏముందో తెలియని దానివైపు తుపాకీ గురిపెట్టినట్టే. ఆ వెతికేది చేతిలో పట్టుకునేదైతే మంచిదా, హెల్మెట్‌కు తగిలించుకునేదైతే మంచిదా అన్నది వాళ్ల గొడవ. మన దగ్గర లెక్క వేరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేట నేరం, 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది, పంట పాడవుతున్నా చంపడానికి అటవీ శాఖ అనుమతి కావాల్సిందే, మనంతట మనం చేయి వేయకూడదు. నేను రాసేది కావలి గురించే. చూడటం, దూరంనుంచే పసిగట్టడం, చేనులో దిగకముందే అదిలించి గుట్టెక్కించడం. కానీ పరికరం ఎంచుకోవడంలో వచ్చే ప్రశ్న మాత్రం ఆ టెక్సాస్ వాళ్లదీ మాదీ ఒకటే.

టార్చి ఎందుకు చాలదంటే, టార్చి వేసిన క్షణం మనం ఎక్కడున్నామో పందికి తెలుస్తుంది, అది ఎక్కడుందో మనకు తెలిసేది వెలుగు సరిగ్గా దాని మీద పడితేనే. పిల్లి కళ్లలా పంది కళ్లు మెరవవు, తలొంచుకుని కాయ తవ్వుకుంటుంటే అసలే తెలియదు. థర్మల్ వెలుగు మీద ఆధారపడదు. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి వదిలే పరారుణ కిరణాల్ని, సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యవి, జెర్మేనియం లెన్సు గుండా పట్టుకుని బొమ్మ గీస్తుంది. అమావాస్య అయినా పున్నమి అయినా తేడా లేదు. గాలిలో తేమ, మంచు, జల్లు ఎక్కువైతే మాత్రం చూపు తగ్గుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, వేరే దేనికి కలిసొచ్చినా రాకపోయినా ఈ పొడి గాలి థర్మల్‌కు మాత్రం కలిసొస్తుంది.

ఇక ఇంట్లో పంచాయితీ. మా బావమరిదికి గొర్రెల మంద ఉంది, రాత్రి చేలల్లోనే మంద తోలుకుని పడుకుంటాడు, చిరుత భయం, తోడేలు భయం. వాడు మొదట్నుంచీ హెల్మెట్‌దే అన్నాడు. "బావా, ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో టార్చి. మూడో చెయ్యి యాడుంది నాకు?" అని. వాడి మాటలో న్యాయం ఉంది. మా నాయన రెండూ వద్దన్నాడు. "ఆ దుడ్లు పెట్టి ఇద్దరు మనుషుల్ని కావలి పెట్టుకోరాదా?" అన్నాడు. కావలికి మనుషులు దొరికితే నేను ఇదంతా ఎందుకు చదువుతాను? రాత్రి గుట్ట కింద పడుకోవడానికి ఇప్పుడు ఎవరూ రారు, ఎలుగుబంటి దాడుల వార్తలు విన్నాక అసలే రారు.

బెంగళూరులో ఇలాంటి సామాను అమ్మే ఒక దుకాణంలో మా చిన్నాన్న కొడుకు స్నేహితుడు పనిచేస్తాడు. వాడు డెమో పీసులు రెండు తెచ్చాడు, ఒక హెల్మెట్, దానికి ముందు భాగంలో తగిలించే ఆర్మ్‌తో సహా. రెండు పరికరాల్లోనూ సెన్సరు, అంటే వేడిని పట్టుకునే చిప్పు, ఒకటే కొలత, 384×288, అంటే అడ్డంగా 384, నిలువుగా 288 చుక్కలు (పిక్సెల్స్), ఒక్కో పిక్సెల్ సైజు 12 మైక్రాన్లు. తేడా అంతా లెన్సులో. తలకు పెట్టేదానికి 10 మి.మీ. లెన్సు, చేతిదానికి 25 మి.మీ. లెన్సు. ఇది మా అదృష్టం, ఎందుకంటే సెన్సరు ఒకటే అయినప్పుడు పోలిక సూటిగా తెలుస్తుంది. లేకపోతే ఖరీదైన సెన్సరు ఉన్నదాన్ని చూసి "హెల్మెట్‌దే గొప్ప" అనో "చేతిదే గొప్ప" అనో తీర్పు ఇచ్చేసేవాళ్లం.

ముందు హెల్మెట్ సంగతి. పెట్టుకున్న మొదటి ఐదు నిమిషాలు అద్భుతం. తల ఎటు తిప్పితే అటు, పక్క చేనులో కుందేలు, కంచె మీద గువ్వ, దూరంగా పొలం గట్టున ఎవరిదో కుక్క, అన్నీ తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. తలకు పెట్టేదానికి జూమ్ ఉండకూడదు, కంటికి కనిపించే సైజులోనే బొమ్మ ఉండాలి, అప్పుడే నడవగలం. మామూలు చేతి థర్మల్‌కు మొదట్లోనే రెండు మూడు రెట్లు జూమ్ ఉంటుంది కాబట్టి దాన్ని తీసుకెళ్లి హెల్మెట్‌కు కట్టుకుంటే అడుగు తీసి అడుగు వేయలేం, కళ్లు తిరుగుతాయి. ఒకే పరికరం రెండు పనులకూ వస్తుందని అమ్మేవాళ్లు చెబితే లెన్సు ఎంత, మొదటి జూమ్ ఎంత అని అడగండి.

నడక మొదలుపెట్టాక అసలు విషయం బయటపడింది. థర్మల్ చూపించేది వేడిలో తేడాని. గెనెం మీది రాయి, దాని పక్క మట్టి, మధ్యలో గుంత, అన్నీ ఒకే వేడిలో ఉంటే తెరమీద ఒకే బూడిద రంగు. మా పక్క చేలల్లో గోడ లేని పాత బావులు ఇంకా ఉన్నాయి, నీళ్లు ఎండిపోయి చాలా ఏళ్లయింది, అంచు చుట్టూ తుమ్మ కంప తప్ప ఏమీ ఉండదు. ఆ బావి అంచుకు తెలిసిన దారినే, టార్చి పట్టుకున్న మనిషిని పక్కన పెట్టుకుని వెళ్లి హెల్మెట్‌లోంచి చూశాను. కంప తెలిసింది. అంచు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. పాము కూడా అంతే. పాము ఒంటి వేడి నేల వేడితో సమానంగా ఉంటుంది కాబట్టి కాలికింద ఉన్నా కనిపించకపోవచ్చు. కట్టుతీగ, బోరు పైపు, డ్రిప్పు లేటరల్, ఇవేవీ తెలియవు. హెల్మెట్ థర్మల్‌తో చీకట్లో స్వేచ్ఛగా నడవొచ్చనేది మన చేలకు వర్తించదు, దానితోపాటు టార్చి ఎలాగూ వేయాల్సిందే. బయటి దేశాల వాళ్లు కూడా చాలామంది ఒక కంటికి నైట్‌విజన్ (ఉన్న కొద్దిపాటి వెలుగును పెంచి చూపేది), ఇంకో కంటికి థర్మల్ పెట్టుకుంటారని అప్పుడు గుర్తొచ్చింది. నడవడానికి ఒకటి, వెతకడానికి ఒకటి. రెండూ కొనే స్తోమత శెనక్కాయ రైతుకు ఎక్కడిది?

కళ్ల సంగతి ఇంకోటి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. థర్మల్ తెర చిన్నదైనా వెలుగే కదా, దాన్ని చూస్తున్న కన్ను ఆ అలవాటు పోగొట్టుకుంటుంది. ఒక కన్ను వెలుగులో, ఒక కన్ను చీకట్లో, నడుస్తుంటే లోతు అందదు, ముప్పై అడుగుల దూరంలోని కుందేలూ వంద అడుగుల దూరంలోని పందీ తెర మీద ఒకే సైజులో ఉంటే ఏది దగ్గరో ఏది దూరమో తేల్చుకోలేం. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, బొమ్మను ఎరుపు రంగులో చూపే పాలెట్ పెట్టుకుంటే కొంత మేలు. చేతిదాంట్లో కూడా ఇదే జరుగుతుంది కానీ అక్కడ చూసినంతసేపే చూసి దించేస్తాం, నడిచేటప్పుడు రెండు కళ్లూ మనవే.

బరువు విషయం అందరూ చెప్పేదే. పరికరం రెండు వందల గ్రాములు పైన, ఆర్మ్, హెల్మెట్, ముందుకు వాలకుండా వెనక కట్టే బరువు, అన్నీ కలిపి మెడ మీద. మంచె మీద కూర్చుని కాలక్షేపంగా చూసేవాడికి అది అనవసరమైన శిక్ష. సెప్టెంబరు రాత్రుల్లో చెమట పట్టి, కంటికి ఆనించే అద్దం (ఐపీస్) మీద ఆవిరి కమ్ముతుంది, తుడుచుకుంటూ ఉండాలి. ఐపీస్ రబ్బరు కంటికి సరిగా ఆనకపోతే తెర వెలుగు ముఖం మీద పడుతుంది కూడా.

ఇక గుండ్ల సంగతి రాయకపోతే ఈ జిల్లావాడిగా తప్పు చేసినట్టే. మన గుట్టలు గ్రానైటు. పగలంతా ఎండకు కాలిన గుండు రాత్రి పన్నెండైనా వేడి వదలదు. హెల్మెట్ వెడల్పు లెన్సులో సాయంత్రం ఎనిమిది గంటలకు గుట్ట వైపు చూస్తే నువ్వులద్దిన అరిసె మాదిరి గుట్టంతా తెల్ల చుక్కలే. అందులో ఏది గుండు, ఏది పంది? ఒక్కో చుక్క నాలుగైదు పిక్సెల్స్ కూడా ఉండదు, కదిలితే తప్ప తేడా తెలియదు, కదిలేదాకా చూడటానికి తల నిలపాలి, తల నిలిపినప్పుడు అది హెల్మెట్ మీద ఉంటే ఏం లాభం? అదే సమయంలో 25 మి.మీ. చేతి థర్మల్‌తో చూస్తే గుండుకు గుండు ఆకారం ఉంది, అంచులు గట్టిగా ఉన్నాయి, పందికి కాళ్లున్నాయి. తెల్లవారుజామున మూడు తర్వాత రాళ్లు చల్లబడ్డాక రెండింటిలోనూ బాగానే కనిపిస్తుంది. కానీ మా గుట్ట పందులు ఎక్కువగా దిగేది పదింటికీ ఒంటి గంటకూ మధ్య, సరిగ్గా రాళ్లు ఇంకా వేడిగా ఉన్న వేళ.

లెక్క చెబుతాను, కావాల్సినవాళ్లు చదవండి, లేనివాళ్లు తర్వాతి పేరాకు వెళ్లిపోండి. పిక్సెల్ సైజును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (పైన చెప్పిన 10, 25 మి.మీ. అవే) భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఎంత జాగా చూస్తుందో వస్తుంది. 10 మి.మీ. లెన్సుకు వంద మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ అంటే 12 సెంటీమీటర్లు, తెర మొత్తం వెడల్పు సుమారు 46 మీటర్లు. 25 మి.మీ. లెన్సుకు అవే 12 సెంటీమీటర్లు, అదే 46 మీటర్లు 250 మీటర్ల దూరంలో వస్తాయి. మా మంచె నుంచి గుట్ట అంచుకు దూరం దాదాపు అంతే. మూతి నుంచి తోక దాకా మీటరు ముప్పావు ఉండదు కానీ మీటరు పైనే ఉండే పంది అక్కడ పదకొండు పిక్సెల్స్ పొడవు, ఆరు పిక్సెల్స్ ఎత్తు వస్తుంది. 10 మి.మీ. లెన్సులో అదే పంది నాలుగు పిక్సెల్స్ పొడవు, రెండు మూడు పిక్సెల్స్ ఎత్తు. 1958లో అమెరికా సైన్యం ప్రయోగశాలలో జాన్సన్ అనే ఆయన ఒక కొలమానం తయారుచేశాడు, ఇప్పటికీ కంపెనీలు దాని మీదే ఆధారపడతాయి. దాని ప్రకారం వస్తువు చిన్న వైపు రెండు పిక్సెల్స్ వస్తే "ఏదో ఉంది" అని చెప్పొచ్చు, ఎనిమిది వస్తే ఏ రకమో చెప్పొచ్చు, పదమూడు దాకా వస్తే కచ్చితంగా ఏదో గుర్తుపట్టొచ్చు. డబ్బా మీద 1200 మీటర్లు అని రాసేది ఆ మొదటిదే, అది కూడా 1.8 మీటర్ల ఎత్తున్న మనిషి లాంటి వస్తువుకు. 1200 మీటర్ల దగ్గర మా లెన్సుకు ఆ మనిషి మూడు పిక్సెల్స్ చుక్క. ఆ చుక్కను చూసి మనిషా, మొద్దా అని చెప్పగలిగినవాడికి థర్మల్ అక్కర్లేదు. మా ఆరు పిక్సెల్స్ కూడా జాన్సన్ లెక్కకు రెండు తక్కువే, కానీ జంతువు కదులుతుంది, గుంపుగా ఉంటుంది, ఆ నడక చూస్తే మిగతాది మనకు తెలిసిపోతుంది.

ఇక్కడే ఎలుగుబంటి వస్తుంది. నాకు ఈ మొత్తం ఎంపికలో తూకం తేల్చింది అదే. పంది అయితే అదిలించాలి. ఎలుగు అయితే కదలకుండా మంచె మీదే ఉండాలి, కింద ఎవరన్నా ఉంటే ఫోన్ చేసి వెనక్కి పంపాలి. దగ్గరలో ఉలిక్కిపడిన ఎలుగు పారిపోదు, మీదికి వస్తుంది. అందుకని "ఉందా?" అనే ప్రశ్నకు జవాబు చాలదు, "ఏంది అది?" అనేది తెలియాలి, అది కూడా రెండు వందల మీటర్ల అవతలే తెలియాలి. థర్మల్‌లో ఎలుగు బొచ్చు పొడవు కాబట్టి ఒళ్లు అంత తెల్లగా మెరవదు, మసకగా ఉంటుంది, మూతి మాత్రం తెల్లగా కనిపిస్తుంది. మెడ, భుజాల మీద బొచ్చు గుబురుగా ఉంటుంది. పిల్లల తల్లి అయితే పిల్లలు వీపు మీద ఎక్కి ఉంటాయి, అప్పుడు ఆకారమే విచిత్రంగా ఉంటుంది. పందులు ముక్కు నేలకు పెట్టి, పొట్టి అడుగులతో, ఒకదాని వెనక ఒకటి దిగుతాయి, పిల్లలు మధ్యలో ఉంటాయి. ముళ్లపంది ముళ్ల భాగం నల్లగా, ముఖం తెల్లగా ఉంటుంది. ఇవన్నీ 25 మి.మీ. లెన్సులో నేను విడదీయగలిగాను. హెల్మెట్‌లో అదే దూరాన అన్నీ తెల్ల చుక్కలే.

కంది సాళ్లది వేరే కథ. థర్మల్ ఆకు గుండా చూడలేదు. శెనక్కాయ మోకాలికి కూడా రాదు కాబట్టి పంది పైకే కనిపిస్తుంది, కానీ సెప్టెంబరు చివరికి కంది నడుము దాటుతుంది, నేల మీద నిలబడి చూస్తే సాలు సాలుకూ ఒక గోడ. మంచె పదడుగుల ఎత్తున ఉంటే పైనుంచి సాళ్ల మధ్యకు చూపు దిగుతుంది. అంటే చూడాల్సిన చోటు మంచె, నడిచే దారి కాదు. మంచె మీద కూర్చున్నవాడికి రెండు చేతులూ ఖాళీనే. హెల్మెట్ తలకు పెట్టేదే చేతులు ఖాళీ ఉంచడానికి, మా పనిలో చేతులు ముందే ఖాళీగా ఉన్నాయి. మొక్కజొన్న మూలలో ఏ థర్మలూ పనిచేయదు, అది ఒప్పుకోవాలి. అక్కడ మంచి కుక్క ఒకటి ఉంటే చాలు.

అలా నేను చేతిదానికే వచ్చాను. కొనేటప్పుడు దుకాణంలో 256×192 సెన్సరుది తీసుకోమని చాలా చెప్పారు, ధర చాలా తక్కువ, అది నిజం. ఎకరా రెండెకరాల చేను, గట్టు దగ్గరే ఉన్నవాళ్లకు 15 మి.మీ. లెన్సుతో అది సరిపోతుందని నా అభిప్రాయం, వంద మీటర్ల లోపల పంది బాగానే తెలుస్తుంది. మాకు దూరం ఎక్కువ. 640 సెన్సరు చూస్తే మళ్లీ కింది ధరలు చూడబుద్ధి కాదు, ఆ బొమ్మ అలా ఉంటుంది, అందుకే దాన్ని చూడకపోవడమే మంచిది. పల్సర్, హిక్‌మైక్రో, ఫ్లిర్ లాంటి కంపెనీల పేర్లు అందరూ చెబుతారు, పేరు కంటే కాగితం మీది నాలుగు అంకెలు చదవడం ముఖ్యం అనిపించింది. సెన్సరు, లెన్సు చెప్పాను. మూడోది ఫ్రేమ్ రేటు. 9 హెర్ట్జ్ అని ఉంటే బొమ్మ సెకనుకు తొమ్మిదిసార్లే మారుతుంది, మంచె మీద నిదానంగా తిప్పి చూసేవాడికి ఎలాగోలా పర్వాలేదు, తలకు పెట్టుకునేవాడికి మాత్రం అది నరకం, తల తిరిగాక బొమ్మ తీరిగ్గా వస్తుంది, తల నొప్పి గ్యారంటీ. హెల్మెట్‌దైతే 50 హెర్ట్జ్ కంటే తక్కువ వద్దు. నాలుగోది ఎన్‌ఈటీడీ, అంటే ఎంత చిన్న వేడి తేడాను పట్టుకోగలదో చెప్పే అంకె, మిల్లీ కెల్విన్లలో (డిగ్రీలో వెయ్యో వంతు). ఇది తక్కువ ఉంటే మంచిది. 50 ఉన్నదానికీ 25 ఉన్నదానికీ తేడా చలికాలం పొడి రాత్రి అంతగా తెలియదు, తేమగా ఉన్న రాత్రి, లేదా నేలా జంతువూ దాదాపు ఒకే వేడిలో ఉన్న వేసవి సాయంత్రం తెలుస్తుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. ప్రతి కాసేపటికీ లోపల షట్టరు టిక్కుమని మూసుకుని బొమ్మ ఒక క్షణం ఆగిపోతుంది, అది రిపేరు కాదు, సెన్సరు తనను తాను సరిచేసుకోవడం. మా నాయన మొదట విన్నప్పుడు "అప్పుడే పాడయిందా" అన్నాడు. ఆ టిక్కును మాన్యువల్‌కు మార్చుకునే వీలున్న మోడల్ తీసుకుంటే మేలు. బ్యాటరీ లోపలే బిగించింది కాకుండా 18650 లాంటి మార్చుకునే సెల్ ఉన్నది తీసుకోండి, జేబులో రెండు అదనపు సెల్స్ ఉంటే రాత్రంతా ధీమా. బిల్లు, వారంటీ కార్డు లేకుండా "కస్టమ్స్ సరుకు, సగం ధర" అని చెప్పేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి, రేపు చెక్‌పోస్టు దగ్గర ఆపి రాత్రి అడవి పక్కన ఈ పరికరం నీకెందుకని అడిగితే మన చేతిలో కాగితం ఉండాలి. నేను మా ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ముందే చూపించి, చేని కావలికి కొన్నానని చెప్పి వచ్చాను. ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "మాకే లేదప్పా ఇట్లాంటిది" అన్నాడు.

అన్నట్టు దుకాణంలో అద్దం తలుపు వెనకనుంచి బయటికి చూపించి "చూడండి ఎంత క్లియరో" అని ఎవరూ చూపించలేరు. మామూలు గాజు ఈ కిరణాలకు గోడతో సమానం, కారు అద్దంలోంచి చూస్తే మన ముఖమే మసకగా కనిపిస్తుంది. కాబట్టి బండిలో కూర్చుని అద్దాలు ఎత్తుకుని చూసే పని జరగదు. పలుచటి పాలిథిన్ కవరు గుండా మాత్రం చాలావరకు కనిపిస్తుంది, జల్లు పడేటప్పుడు లెన్సు మీద ఒక పొర కప్పుకుంటే పని నడుస్తుంది.

ఇప్పుడు మా పద్ధతి ఇలా ఉంది. నేనో మా నాయనో మంచె మీద. పది నిమిషాలకోసారి గుట్ట అంచు ఎడమ నుంచి కుడికి నిదానంగా చూస్తాం, 10 డిగ్రీల ఇరుకు చూపు కాబట్టి తొందరపడితే మధ్యలో జాగా తప్పిపోతుంది, అది దీనికున్న అసలు లోటు, దాన్ని దాచాల్సిన పని లేదు. గుండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పగలే చూసి పెట్టుకోవాలి. కొత్త చుక్క ఏదైనా కనిపిస్తే బ్లాక్ హాట్‌కు మార్చి చూస్తాం, వేడిది నల్లగా, మిగతాది తెల్లగా కనిపించే ఆ మోడ్‌లో కాళ్లూ మూతీ నాకు తొందరగా తెలుస్తాయి. పందులని తేలితే అవి ఇంకా గట్టు దాటకముందే పెద్ద టార్చి, విజిల్. ఇక్కడ తేడా ఏంటంటే ఇదివరకు రాత్రంతా అరిచేవాళ్లం, వాటికి అలవాటైపోయేది. ఇప్పుడు అవి వచ్చినప్పుడే, అవి ఉన్న వైపే వెలుగు పడుతుంది, ఊరికే ఎప్పుడూ పడదు. ఈ ఏడాది గుట్ట వైపు సాళ్లలో నష్టం బాగా తగ్గింది, అటువైపు వంక పక్క మాత్రం ఒక రాత్రి దిగి తవ్వాయి, అటు మంచె నుంచి చెట్లు అడ్డం. మా నాయన ఇప్పుడు థర్మల్‌ను ఎవరికీ ఇవ్వడు. పగలు కూడా గూట్లో పెట్టి తాళం వేస్తున్నాడు.

మా బావమరిది సంగతి. నా ఎంపిక చూసి వాడు మారలేదు, మారాల్సిన పని కూడా లేదు. వాడు మంచె మీద కూర్చోడు, మంద చుట్టూ తిరుగుతాడు. వాడికి గుట్ట అంచు అక్కర్లేదు, ముప్పై నలభై మీటర్ల లోపల చిరుత పొంచి ఉందా లేదా అన్నదే కావాలి, అంత దగ్గరలో 10 మి.మీ. లెన్సుకే పిక్సెల్స్ కావాల్సినన్ని. పైగా మంద వేసే చోటు చదునైన దున్నిన చేను, బావి లేని చోటే చూసుకుని వేస్తాడు. వాడికి హెల్మెట్‌దే సరైనది, నేను కూడా అదే చెప్పాను. ఒకటే షరతు పెట్టాను, హెల్మెట్ ఆర్మ్ పైకి మడిచే రకం ఉండాలి, నడిచేటప్పుడు పైకి లేపి టార్చితో నడవాలి, ఆగి చుట్టూ చూసేటప్పుడే దించాలి అని. "అట్లయితే ఇంక చేతిదానికీ దీనికీ తేడా ఏముంది బావా" అన్నాడు. తేడా ఉంది, వాడి రెండో చేతిలో కట్టె ఉంటుంది. దసరా పొట్టేళ్లు అమ్మగా వచ్చిన దుడ్లు పక్కన పెట్టుకుని 50 హెర్ట్జ్ పీసు ఎక్కడైనా తక్కువకు దొరుకుతుందేమో అని బెంగళూరు వాణ్ని రోజూ ఫోన్‌లో సతాయిస్తున్నాడు.